ఫోర్క్‌లిఫ్టును రోజూ తనిఖీ చేయాలా, నెలవారీ సర్వీసు చాలదా?

మీ గోడౌన్‌లో మూడు డీజిల్ ఫోర్క్‌లిఫ్టులు, నెలనెలా మెకానిక్ వచ్చి సర్వీసు చేస్తున్నాడు, అయినా ఆపరేటర్లు రోజూ చెక్‌లిస్టు ఎందుకు నింపాలని అడిగారు. రాబోయే బ్యాటరీ బండికి కూడా అదే కాగితం సరిపోతుందా అన్నది రెండో ప్రశ్న. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్సు విభాగంలో ఈ బండ్ల బాగోగులు చూసే పని నాది.

రోజూ చూడాల్సిందే. మెకానిక్ వెళ్లిన మర్నాడే హోసు (నూనె పారే రబ్బరు గొట్టం) పగలవచ్చు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధన ప్రకారం రోజుకు ఒకసారైనా పరీక్షించాలి, రాత్రింబగళ్లు నడిచే బండినైతే ప్రతి షిఫ్టు తర్వాతా చూడాలి. మన దగ్గర ఎవరూ అడగకపోయినా ఆ లెక్క పాటించడం మేలు.

ఇంజను ఆన్ చేయకముందు చూసేవే ముఖ్యం. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద మరకలున్నాయా అన్నది మొదట. తర్వాత ఫోర్కులు, అంటే సరుకు కిందికి దూర్చి ఎత్తే రెండు ఉక్కు చేతులు. ఫోర్కు వంపు దగ్గర గ్రీజు, దుమ్ము పేరుకుంటాయి, గుడ్డతో తుడిస్తే తప్ప పగులు కనపడదు. మా ఆపరేటర్ ఒకతను అలా తుడుస్తూనే వెంట్రుకంత గీత పట్టుకున్నాడు. బయట కంటైనర్ నిలబడి ఉంది, వెల్డింగ్ చేసి నడిపించండని డిస్పాచ్ వాళ్ల గొడవ. ఫోర్కులు ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది, తర్వాత అది ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. జత మార్చాకే బండి కదిలింది. కంటైనర్ మర్నాడు వెళ్లింది, ఎవరి కొంపా మునగలేదు. అరుగుదల కూడా ఆ వంపులోనే ఎక్కువ. మందం 10 శాతం తగ్గితే, అంటే 40 మి.మీ. ఫోర్కు 36కి వస్తే, తీసేయాలి. ఫోర్కులను నేలకు రాస్తూ నడిపేవాళ్ల బండ్లకు ఆ గతి త్వరగా పడుతుంది.

మాస్ట్ అంటే ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రం. దాని చైన్లు రెండూ ఒకే బిగువుతో ఉన్నాయా అన్నది రోజూ చూడండి, సాగుదల కొలవడం మెకానిక్ పని. హైడ్రాలిక్ హోసుల మీద మాత్రం చెయ్యి పెట్టి తడమనివ్వకండి. సన్నని రంధ్రంలోంచి ఒత్తిడితో చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన గాయం అది. అనుమానం వస్తే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. టైర్లు, కూలెంటు, ఇంజను ఆయిలు, హారన్ సంగతి మీకు తెలిసిందే. సీటు బెల్టు లాగి చూడాలి. బండి ఒరిగినప్పుడు బయటికి దూకినవాళ్లే దాని పైచట్రం కింద పడి నలిగిపోతారు. బెల్టు చికాకు అనే ఆపరేటర్‌తో నేను వాదించను, తాళం ఇవ్వను, అంతే.

ఆ తర్వాత ఇంజను ఆన్ చేసి ఖాళీ స్థలంలో బ్రేకు, స్టీరింగు, హ్యాండ్ బ్రేకు, మాస్ట్ కదలిక చూసుకోవాలి. అంతా కలిపి పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు డ్యూటీ లెక్కలోనే ఉండాలి.

ఇక చూడకుండానే టిక్కులు పెట్టేసే సంగతి. నెలంతా ఒక్క లోపమూ రాయని కాగితం కనిపిస్తే నాకు బండి మీద కాదు, కాగితం మీద అనుమానం వస్తుంది. మేం అవర్ మీటర్ (బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్) రీడింగు రాసే గడి పెట్టాం. బండి ఎక్కకుండా అది రాయలేరు. అంతకన్నా పనిచేసింది వేరే ఉంది: లోపం రాసిన రోజే, అదే కాగితం మీద, ఏం చేశామో సూపర్‌వైజర్ రాసి సంతకం పెట్టాలి. ప్రమాదకరమైనదైతే బండికి ఎర్ర ట్యాగు కట్టి తాళం తీసుకోవాలి. బ్రేకు సరిగా లేదని రాసిన ఆపరేటర్‌కే ‘ఈ పూటకు సర్దుకో’ అని తాళం తిరిగి ఇస్తే, రేపటి నుంచి అన్నీ టిక్కులే వస్తాయి. తప్పు అతనిది కాదు.

బ్యాటరీ బండికి కాగితం వేరుగా చేయించండి. ఇంజను ఆయిలు గడులు తీసేసి కేబుళ్లు, కనెక్టరు, బ్యాటరీ బిగింపు చేర్చండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగు పూర్తయ్యాక పోయాలి. ముందే నింపితే ఛార్జింగులో యాసిడ్ పొంగి బయటికి వస్తుంది. ఛార్జింగు చోట హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడాలి, అక్కడ బీడీ, సిగరెట్ అసలు పనికిరాదు.