అవతలి ఒడ్డు వాళ్లతో కూర్చోండి

ప్రశ్న: అమ్మా, మాది కొల్లాపూర్ దగ్గర ఊరు. కృష్ణలో చేపలు పడతాం. సోమశిలకు టూరిస్టులు పెరిగాక సెలవు రోజుల్లో బోటు కూడా తిప్పుతున్నాను. అవతలి ఒడ్డు ఆంధ్ర. వాళ్ల బోట్లతో గిరాకీ దగ్గర ఎప్పుడూ పంచాయితీయే. సముద్రం పక్కన వేరే వేరే దేశాల వాళ్లు కలిసి టూరిజం నడుపుతారట, నిజమేనా? దాంట్లో మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: నిజమే బిడ్డా. నల్లగొండ బడిలో భూగోళం చెప్పినన్నాళ్లూ నాకు బాగా ఇష్టమైన చోటు వాడెన్ సముద్రం. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ మూడింటి అంచునా ఉంటుంది. ఆటుకు నీళ్లు వెనక్కి పోతే కిలోమీటర్ల కొద్దీ బురద నేల బయటపడుతుంది. దాని మీద నడవడానికే జనం వస్తారు. పోటు మళ్లీ వచ్చే వేళ తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది, అందుకే దారి తెలిసిన గైడ్ల వెంట వెళ్తారు.

ఆ మూడు దేశాలు 1978 నుంచే కలిసి పనిచేస్తున్నాయి. 1988లో ఏదో వైరస్ సోకి అక్కడి సీల్ జంతువులు సగానికి పైగా చచ్చిపోయాయి. ఎవరి ఒడ్డు వాళ్లు చూసుకుంటే అవి బతకవని అర్థమై, 1990లో వాటి కోసమే ఒప్పందం రాసుకున్నారు. అవి పిల్లల్ని పెట్టే ఇసుక దిబ్బల దగ్గరికి ఆ కాలంలో టూరిస్టు బోట్లను పోనివ్వరు. యునెస్కో గుర్తింపు 2009లో వచ్చింది, డెన్మార్క్ భాగానికి 2014లో. కట్టుబాట్లు ముందు, పేరు తర్వాత.

నీ పంచాయితీకి ఇంకా దగ్గరిది మధ్యధరా సముద్రంలో ఉంది. ఫ్రాన్స్, ఇటలీ, మొనాకో 1999లో తిమింగలాల కోసం ఒప్పందం చేసుకున్నాయి. తీరంలోని పట్టణాలు కూడా మేమూ పాటిస్తామని విడిగా సంతకాలు పెడుతున్నాయి. తిమింగలాలను చూపించే బోటు ఏ దేశానిదైనా వంద మీటర్ల లోపలికి పోకూడదు.

ఇక కృష్ణ సంగతి. ఎండాకాలం శ్రీశైలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడితే రెండు వైపుల బోట్లూ అక్కడికే కదా పోయేది! రేటు ఒకటే, వంతు ప్రకారం బోటు అని రెండు ఒడ్ల మత్స్యకార సంఘాలు అనుకుంటే గొడవలో సగం తీరుతుంది. వలలు వేసిన చోటికి ఇంజిన్ బోటు పోకూడదు. ప్లాస్టిక్ ప్లేట్లు, సీసాలు నీళ్లలో పడేసే వాళ్లను ఏ ఒడ్డు బోటూ ఎక్కించుకోకూడదు.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు బిడ్డా. జాకెట్లు ఎన్ని ఉంటే అంతమందే ఎక్కాలి. నీ దగ్గర కాదన్న మనిషిని అవతలి బోటు వాడు ఎక్కించుకుంటే నీ జాగ్రత్తకు విలువ ఉండదు. ఇద్దరూ ఒక్క మాట మీద ఉండాలనేది అందుకే.

బోటు అనుమతులు ఎలాగూ అధికారుల నుంచే రావాలి. ఈ కట్టుబాట్లకు మాత్రం వాళ్ల కోసం ఆగక్కర్లేదు. గుడి బయటపడి జనం మొదలయ్యాక కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడే మీ సంఘం పెద్దలను వెంటబెట్టుకుని అవతలికి వెళ్లు.