మాడ్రిడ్‌లో క్రిస్మస్ విందు: శాకాహారికి తినడానికి ఏముంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి మాడ్రిడ్‌లో చదువుకుంటున్నాడు. డిసెంబరు 24 రాత్రి తోటి విద్యార్థి ఇంటివారు భోజనానికి పిలిచారట. మేము కోడిగుడ్డు కూడా ముట్టము. అక్కడి పద్ధతులు ఏమిటి? వాడు తినగలిగినవి ఏమైనా ఉంటాయా? కానుకలు ఆ రాత్రే ఇవ్వాలా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ‘నోచెబ్వేనా’ అనే ఆ రాత్రి విందుకు స్పెయిన్‌లో సాధారణంగా అయినవాళ్లే కూర్చుంటారు కనుక, పిలుపు వచ్చిందంటే ఆ ఇంటివారు మీ అబ్బాయిని తమవాడిగా చూస్తున్నారన్నమాట, తప్పక వెళ్లమనండి. రాత్రి 9 గంటలకు టీవీలో రాజుగారి ప్రసంగం వస్తుంది, చాలా ఇళ్లలో వడ్డన మొదలయ్యేది ఆ తరువాతే. కాబట్టి సాయంత్రం ఏదైనా కొంచెం తిని వెళ్లడం మంచిది.

ఉడికించిన రొయ్యలు, పంది తొడ మాంసపు పల్చని ముక్కలు, వేడి సూపు, ఆపైన కాల్చిన గొర్రెపిల్ల మాంసమో సముద్రపు చేపో వరుసగా వస్తాయి. మాంసం తిననని మాత్రమే చెబితే చేప వడ్డించే అవకాశం ఉంది. చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్లు కూడా పనికిరావని విడివిడిగా, రెండు మూడు రోజుల ముందే చెప్పాలి. మాడ్రిడ్ ఇళ్లలో ఆ రాత్రి ఎర్ర క్యాబేజీని ఆపిల్ ముక్కలతో వండే అలవాటుంది. అందులో పంది మాంసం వేయలేదని తెలుసుకుంటే అది నిశ్చింతగా తినవచ్చు. రొట్టె, ఆలివ్ కాయలు ఎలాగూ ఉంటాయి.

అసలు జాగ్రత్త మిఠాయిల దగ్గర కావాలి. ఎస్తెపా ఊరి పేరుతో ప్రసిద్ధి చెందిన పోల్బొరోన్ మన సున్నుండలా పొడిపొడిగా రాలుతుంది. అందుకే కాగితం విప్పకముందే గుప్పిట్లో గట్టిగా నొక్కి, ఆ తరువాత తింటారు. చూస్తే అనుమానం రాదు కానీ, సంప్రదాయ పద్ధతిలో దానిని పంది కొవ్వుతో చేస్తారు. ఆలివ్ నూనెతో చేసినవీ దొరుకుతాయి, పెట్టె మీద చదువుకోవాలి. బాదం, తేనెలతో చేసే తుర్రోన్‌లో సాధారణంగా గుడ్డు తెల్లసొన కలుస్తుంది. పంచదార పూత పూసిన బాదం పప్పులు, ఎండు అంజీరాలు తినవచ్చు.

డిసెంబరు 31 రాత్రి ఏ ఇబ్బందీ లేదు. మాడ్రిడ్ నడిబొడ్డున ఉన్న ప్వెర్తా దెల్ సోల్ కూడలిలోని గడియారం 12 కొడుతుండగా ఒక్కో గంట మోతకు ఒకటి చొప్పున 12 ద్రాక్షపండ్లు తింటారు. అసలు గంటల కంటే ముందు వేరే గంటలు నాలుగుసార్లు మోగుతాయి. కొత్తవాళ్లు తొందరపడి అప్పుడే మొదలుపెట్టేస్తారు.

కానుకలకు సంప్రదాయపు రోజు జనవరి 6. ఇప్పుడు కొన్ని ఇళ్లలో 24వ తేదీనే ఇస్తున్నా, పిల్లలు బూట్లు బయటపెట్టి, బాలయేసుకు కానుకలు తెచ్చారని చెప్పే ముగ్గురు రాజుల ఒంటెలకు నీళ్లు ఉంచేది 5వ తేదీ రాత్రే. మర్నాడు రోస్కోన్ అనే చక్రంలాంటి తీపి రొట్టెను కోస్తారు. అందులో దాచిన చిన్న బొమ్మ దొరికినవారికి కిరీటం, ఎండు చిక్కుడు గింజ దొరికినవారికి రొట్టె ఖర్చు. పిండిలో గుడ్డు కలుపుతారు కనుక మీవాడికి ఆ ముక్కా లేదు, ఆ ఖర్చూ లేదు.