మీ ప్రశ్న – మా జవాబు: పిటిషన్ కంపెనీది, తేదీ మీది

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా హెచ్1బీ, గ్రీన్‌కార్డ్ గురించే. తికమకంతా ఏ కాగితం ఎవరిదన్న దగ్గరే వస్తోంది. హెచ్1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) పిటిషన్, పెర్మ్ (ఆ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖ నుంచి తెచ్చుకునే ధ్రువీకరణ), ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం వేసే పిటిషన్) – ఈ మూడూ సాధారణంగా కంపెనీ వేసేవే. ఉద్యోగి వెంట నడిచొచ్చేది ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డ్ వరసలో ఆయన చోటు చెప్పే తేదీ.

ప్ర: హెచ్1బీ మీద నాలుగో ఏడాదిలో లేఆఫ్ చేశారు. మూడు నెలల జీతం సెవరెన్స్‌గా ఇస్తున్నారు. కొత్త ఉద్యోగం చూసుకోవడానికి ఇచ్చే 60 రోజుల లెక్క ఆ తర్వాతే కదా? – ఓ పాఠకుడు, ఫ్రిస్కో

జ: కాదు, ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచే. సెవరెన్స్ సాగనంపుతూ ఇచ్చే డబ్బు. దానితో గడువు పెరగదు. పైగా 60 అన్నది గరిష్ఠం. మీ ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) అంతకంటే ముందే ముగిస్తే ఆ రోజుతోనే సరి. ఒకసారి తీసి చూడండి: పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడ్డప్పుడు ఇండియా వెళ్లొచ్చినవాళ్లకి విమానాశ్రయంలో ఐ-94 పాస్‌పోర్ట్ తేదీ దాకానే ఇస్తుంటారు. చాలామంది చూసుకోని మెలిక ఇది.

ఆ గడువులోగా కావలసింది ఆఫర్ లెటర్ కాదు, కొత్త కంపెనీ పిటిషన్ ఇమిగ్రేషన్ సర్వీసుకి చేరడం. దానికి ముందు ఎల్‌సీఏని (జీతం, పని షరతులపై కంపెనీ ఇచ్చే హామీ పత్రం) కార్మిక శాఖ ఆమోదించాలి. అందుకు 7 పని దినాలు. ఇంతవరకు ఎవరినీ స్పాన్సర్ చేయని చిన్న కంపెనీ అయితే దాని పన్ను నంబరు సరిచూడటానికి మరికొన్ని రోజులు. లాయరుకి కాగితాలు అందించే వారం కూడా కలుపుకుని చూస్తే, 40వ రోజుకి ఆఫర్ చేతిలో లేనప్పుడు రెండో దారి మొదలుపెట్టాల్సిందే: మీ భార్యకి హెచ్1బీ ఉంటే హెచ్4కి (జీవిత భాగస్వామి హోదా), లేకపోతే బీ2కి (సందర్శకుల హోదా) మారుతూ ఐ-539 దరఖాస్తు. అది గడువులోగా వేస్తే, తేలేదాకా దేశంలో ఉండొచ్చు, పని మాత్రం చేయకూడదు.

మీది లాటరీలో వచ్చిన హెచ్1బీయే అయితే మళ్లీ లాటరీ అక్కర్లేదు, హెచ్1బీకి ఉండే ఆరేళ్లలో మిగిలిన కాలం మీదే. హెచ్1బీ గడువుకు ముందే తీసేశారు కనుక, ఇండియా వెళ్లిపోదలిస్తే టికెట్ ఖర్చు ఆ కంపెనీయే భరించాలి – మీ ఒక్కరిదే, కుటుంబానిది కాదు.

ప్ర: మా కన్సల్టెన్సీ బెంచ్ మీద (ప్రాజెక్ట్ లేకుండా) ఉన్న రెండు నెలలకి జీతం ఇవ్వలేదు. పెర్మ్ లాయర్ ఫీజు నన్నే కట్టమంటోంది. అందరూ ఇలాగే చేస్తారట. – ఓ పాఠకురాలు, ఎడిసన్

జ: అందరూ చేయరు. చేసేవాళ్లు చట్టం తప్పుతున్నారు. 2007 జులై నుంచి పెర్మ్ లాయర్ ఫీజు, ప్రకటనల ఖర్చు ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ వసూలు చేయకూడదు. జీతంలో కోత పెట్టినా అదే తప్పు. ఐ-140, ఐ-485 (గ్రీన్‌కార్డ్‌కి ఉద్యోగి వేసుకునే చివరి దరఖాస్తు) ఖర్చు మీరు పెట్టుకోవచ్చు.

ప్రాజెక్ట్ లేకపోవడం కంపెనీ కష్టం. ఎల్‌సీఏ కింద రావలసిన జీతం అప్పుడూ ఇవ్వాలి. మీ సొంత అవసరానికి సెలవు అడిగితేనే మినహాయింపు. అందుకే "సెలవు కావాలని ఓ మెయిల్ పెట్టండి" అంటారు. పెట్టకండి. డబ్బు మీరు పంపితే పే స్టబ్ (జీతం చీటీ) రన్ చేస్తామనే బేరం మరీ ప్రమాదం: కంపెనీ వాటా పన్ను కూడా మీ జేబులోంచే పోతుంది, మోసంలో మీకూ పాలు ఉంటుంది. ఫిర్యాదు డబ్ల్యూహెచ్-4 ఫారం మీద, తప్పు జరిగిన 12 నెలల్లోపు, కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి. పే స్టబ్ లేని నెలలు రేపు కంపెనీ మారేటప్పుడు ఆర్‌ఎఫ్‌ఈగా (అదనపు ఆధారాలు అడిగే నోటీసు) తిరిగొస్తాయి. ఫిర్యాదు కాపీ అప్పుడు అక్కరకొస్తుంది.

ప్ర: మాది 12 మంది ఉన్న ఆఫీసు. మా అకౌంటెంట్‌కి గ్రీన్‌కార్డ్ స్పాన్సర్ చేయాలి. ఆయనది ఉస్మానియా బీకాం. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఓ యజమాని, షార్లట్

జ: జీతం దగ్గర. ఆ పనికి ఆ ప్రాంతంలో ఎంత ఇవ్వాలో కార్మిక శాఖ నుంచి ప్రివెయిలింగ్ వేజ్ తెచ్చుకోవాలి. దీనికే నెలలు పడుతుంది. తర్వాత రెండు వేర్వేరు ఆదివారాలు పేపర్లో ప్రకటన, రాష్ట్ర ఉపాధి సంస్థలో 30 రోజుల జాబ్ ఆర్డర్, ఆఫీసులో వరుసగా 10 పని దినాల నోటీసు, డిగ్రీ ఉద్యోగమైతే మరో మూడు రకాల ప్రచారం. ఇవయ్యాక పెర్మ్ వేయడానికి 30 రోజులు ఆగాలి (ఆ మూడింటిలో ఒకదానికి మాత్రం సడలింపు ఉంది). అలాగని మొదటి ప్రకటనకి 180 రోజులు దాటిపోకూడదు. క్యాలెండర్ గీసుకోకుండా దిగినవాళ్లు ప్రకటనలకి రెండోసారి డబ్బు పోస్తారు.

దరఖాస్తుల వడపోతలో మీ అకౌంటెంట్ వేలు పెట్టకూడదు. మీ దగ్గర సంపాదించిన అనుభవాన్ని అర్హతగా అడగడం మామూలుగా చెల్లదు. అర్హుడైన అమెరికన్ ముందుకొస్తే ఆ పెర్మ్ అంతటితో ఆగినట్టే.

అసలు చిక్కు రెండు చోట్ల. మూడేళ్ల బీకాం ఒక్కదాన్నే అక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌కి సమానంగా తీసుకోరు. ప్రకటనలో ఉత్త "బ్యాచిలర్స్" అని రాస్తే పెర్మ్ గట్టెక్కినా ఐ-140 దగ్గర బోల్తా పడుతుంది. పైన ఎంకాం, సీఏ ఏమైనా ఉన్నాయేమో చూడండి. లేకపోతే, రెండేళ్ల అనుభవం నిజంగా కావలసిన ఉద్యోగంగా ఈబీ3 స్కిల్డ్ వర్కర్ (గ్రీన్‌కార్డ్‌లో నైపుణ్యమున్న ఉద్యోగుల విభాగం) కింద వేయడం కుదురుతుందేమో లాయరుతో తేల్చుకోండి. ఇదంతా ప్రకటనకి ముందే.

రెండోది మీ స్తోమత. పెర్మ్ వేసిన రోజు నుంచి గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఆ జీతం ఇవ్వగలరని టాక్స్ రిటర్న్‌లు చెప్పాలి: నికర లాభమో, నికర ప్రస్తుత ఆస్తులో దానికి తగ్గకూడదు, లేదా ఆయనకి ఇప్పటికే అంత ఇస్తూ ఉండాలి. పన్ను కోసం లాభాన్ని సున్నాకి దించే అలవాటు ఇక్కడ మెడకి చుట్టుకుంటుంది. ఆ లెక్కలు రాసేది మీ అకౌంటెంటే కాబట్టి ఆయనకీ ఈ మాట చెప్పి ఉంచండి.

ప్ర: ఐ-140 అప్రూవ్ అయి 14 నెలలు. కంపెనీ మారితే పాతవాళ్లు దాన్ని వెనక్కి తీసుకుంటారట. నా ప్రయారిటీ డేట్ పోతుందా? – ఓ పాఠకుడు, సియాటెల్

జ: పోదు. మోసం, పెర్మ్ రద్దు, అప్రూవల్‌లోనే పెద్ద పొరపాటు – ఇలాంటివి తేలితే తప్ప డేట్ మీదే. అప్రూవ్ అయి 180 రోజులు దాటింది కాబట్టి, వాళ్లు వెనక్కి తీసుకున్నా మీ డేట్ కరెంట్ అయ్యేదాకా (వరసలో మీ వంతు వచ్చేదాకా) కొత్త కంపెనీలో మూడేళ్ల చొప్పున హెచ్1బీ పొడిగింపు దొరుకుతుంది. గ్రీన్‌కార్డ్‌కి మాత్రం కొత్త కంపెనీ పెర్మ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. దాని ఐ-140కి పాత డేట్ కలుస్తుంది. ఐ-485 వేసి 180 రోజులు దాటినవాళ్లకి ఈ తిరుగుడు లేదు. అదే తరహా ఉద్యోగమైతే సప్లిమెంట్ జె (కొత్త ఉద్యోగం ఉందని చెప్పే ఫారం) చాలు.

మానేసే ముందు ఐ-140 కాపీ, కనీసం రసీదు నంబరు సంపాదించండి. అలాగే పాత ఉద్యోగాల అనుభవ పత్రాలు. హైదరాబాద్ కంపెనీలు ఇచ్చే రిలీవింగ్ లెటర్లో హోదా, తేదీలే ఉంటాయి. చేసిన పని వివరం, ఫుల్‌టైమ్ అన్న మాట లేకపోతే చాలదు. కంపెనీ మూతపడితే అప్పటి మేనేజర్ సంతకంతో ఉత్తరం తీసుకోండి.

ప్ర: నేను గుంటూరులో, నా భార్య కువైట్‌లో పుట్టాం. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. గ్రీన్‌కార్డ్ వరసలో ఏమైనా ఉపయోగమా? – ఓ పాఠకుడు, అట్లాంటా

జ: ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పేంత ఉపయోగం. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితిలో చూసేది పుట్టిన దేశాన్ని, పాస్‌పోర్ట్‌ని కాదు. భార్య పుట్టిన దేశాన్ని భర్త వాడుకోవచ్చు. వీసా బులెటిన్‌లో (ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పే పట్టిక) ఇండియా వరస వదిలి మిగతా దేశాల వరస చూసుకుని, ఇద్దరూ కలిసి ఐ-485 వేయండి. కువైట్ జనన పత్రం, పెళ్లి ధ్రువపత్రం జత చేయాలి. పిల్లలు పుట్టిన దేశం తల్లిదండ్రులకి ఇలా పనికిరాదు. ఐ-140లో భార్య పుట్టిన దేశం రాసే గడి ఉంది. అలవాటుగా ఇండియా అని నింపేయకుండా చూసుకోండి.