ఊరి పంట నెల్లూరులో అమ్మబోయే శ్రీనుకు

చిరంజీవి శ్రీనుకు,

పెదనాన్న ఆశీస్సులు. బెంగళూరు ఉద్యోగం మానేసి, మన వైపు రైతుల దగ్గర బియ్యం, పప్పులు, కూరగాయలు తీసుకుని నెల్లూరులో ఇళ్లకు నేరుగా అమ్ముతానని అన్నావంట. మీ నాన్న ఫోన్ చేసి, వాడికి నువ్వన్నా బుద్ధి చెప్పు అన్నాడు. నాకైతే అందులో బుద్ధి తక్కువ పనేమీ కనపడలా. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట బియ్యం మండీలో లెక్కలు రాసి రాసి ముసలాణ్ణయినోణ్ణి, నాకు తెలిసినంత రాస్తుండా.

మధ్యలో దళారీ లేకపోతే ఆయన కమీషనంతా మనకూ రైతుకూ మిగులుతుందని నువ్వు లెక్క వేసుకుంటుండావు. ఆయన ఊరికే కూర్చోని తినడు అబ్బయా. నాట్లప్పుడు రైతుకు చేబదులిస్తాడు. సరుకు ఎంతొచ్చినా ఆ పూటకు దించుకుంటాడు. మంచిదీ చెడ్డదీ ఏరిస్తాడు, కుళ్లింది భరిస్తాడు, కొన్నోడు నెల తర్వాత ఇచ్చినా రైతు చేతిలో అప్పటికి ఎంతో కొంత పెడతాడు. ఆయన్ని పక్కన పెడితే ఈ చాకిరీ అంతా నీ నెత్తికొస్తుంది. దానికయ్యే ఖర్చు ముందు కాగితం మీద పెట్టి, ఆ తర్వాత లాభం సంగతి చూడు. మండీ ఉప్పు తిన్నోడు మండీ పాటే పాడతాడని మీ నాన్న అంటాడు, అననీ.

ఏ రైతునూ పంటంతా నాకే ఇవ్వమని అడగొద్దు. మండీలో పాత బాకీ ఉన్నోడి సరుకు మండీకి పోవాల్సిందే, నీకోసం ఆయన ఆ మాట తప్పలేడు. నాలుగో వంతు అడుగు, ఇస్తాడు. ధర దగ్గర నాన్చొద్దు. ఆ రోజు మండీ ధరలో కమీషను, హమాలీ, బండి బాడుగ పోను ఆయన చేతికొచ్చేది ఎంతో ఆయన్నే అడిగి, దానికన్నా కాస్త పైన ఇవ్వు. కాటా దిగంగానే ఫోన్‌పే కొట్టు. రేపిస్తానన్న మాట ఒక్కసారి అన్నావంటే, ఆ ఊళ్లో ఇంక నీకు తట్టెడు వంకాయలు పుట్టవు.

నీ బండి నడిపేది బియ్యమే, కూరగాయలు కావు. మన దగ్గర వడ్ల బేరం పుట్టిలో జరుగుతుంది, పుట్టంటే 850 కిలోలు. ప్రభుత్వం మిల్లర్లకు క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం లెక్క కడుతుంది. నువ్వు ఆ లెక్కతో దిగొద్దు. రాయీ నూకా తీసేసి, ఇల్లాలు చేటలో పోసి చూసినా వంక పెట్టలేని బియ్యం కావాలంటే 60 దగ్గర ఆగుతుందనుకో. పుట్టికి పాతిక కిలోల బస్తాలు ఇరవై, పైన ఇంకొంచెం. నూకా తవుడూ మిల్లుకే వదిలేస్తే మర కూలి తగ్గిస్తారు. లేదా కూలి పూర్తిగా ఇచ్చి, తవుడు గేదెలున్నోళ్లకు నువ్వే అమ్ముకోవచ్చు. ఏది మేలో ఏడాదికోసారి మారుతుంటుంది కాబట్టి ప్రతిసారీ అడుగు.

మార్చి, ఏప్రిల్‌లో కోసిన పంటే కొను. ఆ తర్వాత వేసే రెండో పంట, ఎడగారు వడ్లు చౌకగా దొరుకుతాయి గానీ, కోతలప్పుడు వానలో చిక్కితే రంగు మారి మరలో ఎక్కువగా విరుగుతాయి. కొనేటప్పుడు గింజ పంటి కింద పెట్టి చూడు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నొక్కుకుపోతే ఇంకా కళ్లంలోనే ఉండాలి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాకా తీసుకుంటారు, నిలవ పెట్టేదానికి అది చాలా ఎక్కువ. 14కు దిగేదాకా ఎండనియ్యి. వడ్లను వడ్లుగానే గోతాల్లో పెట్టు, ముందే బియ్యం చేయించి పురుగు పట్టించొద్దు. కింద చెక్కలు వేసి, గోడకు ఆనకుండా ఒకదానిమీద ఒకటి పేర్చు. దసరా నాటికి ఆడిస్తే అన్నం పలుకు పలుకుగా వస్తుంది. కొత్త బియ్యం అంటగట్టి, నీళ్లు తగ్గించి వండుకోండమ్మా అని ఎంత చెప్పినా రెండో బస్తా నీ దగ్గర కొనరు. పురుగు పట్టకుండా ఇంట్లో కలుపుతారే, ఆ బోరిక్ పౌడరు అమ్మే బియ్యంలో మాత్రం కలపొద్దు.

నెల్లూరు అనంగానే మన పాత వడ్ల రకం, మొలగొలుకులు ఉండాయా అని అడుగుతారు. ఎవరన్నా నిజంగా వేసుంటే పోయి పొలంలో కంకి చూసి కొను. లేకపోతే లేవని చెప్పు. బీపీటీ 5204 అయితే బీపీటీ అనే, నెల్లూరు మసూరి అయితే మసూరి అనే బస్తా మీద రాయి. సేంద్రియం అనే మాటా అంతే. యూరియా చల్లలేదని నీకు ఖాయంగా తెలిస్తేనే ఆ మాట అను.

పప్పు కోసం కనిగిరి, పొదిలి వైపు పో. అక్కడ మెట్టలో పండిన కంది బాగుంటుంది, నిలవుంటుంది, నెలకోసారి తెచ్చుకుంటే చాలు.

ఇంక కూరగాయలు. వాటిమీద మిగిలేది తక్కువ, పోయేది ఎక్కువ. అయినా అవి ఉండాలి, వారం వారం నిన్ను గుమ్మం దాకా తీసుకుపోయేది అవే. ఒక్క సంగతి పట్టుకో, కోసిన తర్వాత అమ్మొద్దు, అమ్మిన తర్వాత కోయించు. వేదాయపాళెంలో ఒక అపార్ట్‌మెంటు, మాగుంట లేఅవుట్‌లో ఒకటి చూసుకో, చాలు. శుక్రవారం రాత్రికి వాట్సాప్‌లో ఎవరికేం కావాలో తెప్పించుకో. శనివారం పొద్దున ఆ లెక్క రైతులకు చెప్పు. బెండకాయ రోజు మార్చి రోజు కోయకపోతే ముదురుతుంది కాబట్టి ఆ రైతుతో కోత రోజు ముందే మాట్లాడుకో. ఆకుకూర చల్లపూట కోసి, తడి గోతంలో చుట్టి, ఎండెక్కకముందే దించెయ్యాలి. టాటా ఏస్ బాడుగకు తీసుకో, ఇప్పుడే కొనొద్దు. యాప్ చేయిస్తానంటుండావంట, ఆ డబ్బుతో ముందు ప్లాస్టిక్ ట్రేలు కొను. బస్తాలో కుక్కిన టమాటా నెల్లూరు చేరేలోగా పులుసైపోతుంది.

నిమ్మకాయలు ఇళ్ల కోసం కొనొద్దు. పొదలకూరు వైపు మన చుట్టాల తోటలు ఉండాయని సంబరపడతావేమో, ఒక ఇంటికి వారానికి అరడజను కాయలు చాలు, తోట దింపేది బస్తాల్లెక్క. సోడా బండ్లు, టిఫిన్ హోటళ్లు, పచ్చడి పెట్టేవాళ్లు, వీళ్లే నీకు గిరాకీ. ఎండాకాలం ధర ఎగిసినప్పుడు ఆ రైతు నీకేసి చూడకుండా యార్డుకే పంపుతాడు, తప్పు పట్టొద్దు. వానాకాలం రేటు పడిపోయి ఆయనే ఫోన్ చేసినా, సోడా బండ్లకు పట్టేదానికి మించి తీసుకోవద్దు. తడి మీద కోసిన కాయ మచ్చలు పడుతుంది.

అమ్మే ధరకు ఫత్తేఖాన్‌పేట రైతుబజారు చూసుకో. 1999లో ఆ బజార్లు పెట్టింది రైతు తన పంట తానే అమ్ముకునేదానికి, నీకు అక్కడ చోటు అడగొద్దు. పొద్దున్నే ధరలు చూసుకునేదానికి మాత్రం పో. వాటికి అటూ ఇటూగా అమ్మితేనే జనం కొంటారు, తాజాగా ఉందని రెట్టింపు ఎవరూ ఇవ్వరు.

కాగితాల సంగతి కొంచెమే. సొంత పంట అమ్మే రైతుకు 2006 ఆహార భద్రత చట్టం అడ్డం రాదు. నువ్వు కొని అమ్ముతుండావు కాబట్టి రిజిస్ట్రేషన్ చేయించుకో. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించు. పది మంది రైతులుంటే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు గానీ, మొదటి ఏడాదే ఆ ఆడిటర్లూ మినిట్సు పుస్తకాలూ నెత్తిన పెట్టుకోవద్దు.

అరువు పెట్టొద్దని చెప్పను, పెట్టక తప్పదు. బియ్యానికి నెలాఖరు దాకా ఆగు, కూరగాయలకు ఒక్క వారం కూడా ఆగొద్దు.

మిల్లాయనతో నేను మాట్లాడతా. వచ్చే వారం ఎప్పుడన్నా రా, కాకపోతే పొద్దున్నే రా, పది దాటితే ఆయన దొరకడు. వచ్చేటప్పుడు, నువ్వు అనుకున్న రెండు అపార్ట్‌మెంట్లలో ఎన్ని ఇళ్లు తీసుకుంటామన్నాయో, ఒక్కో ఇంట్లో నెలకెన్ని కిలోల బియ్యం వండుతారో అడిగి రాసుకురా. అది లేకుండా ఎన్ని పుట్లు కొనాలో చెప్పలేను.

మీ పెదనాన్న,
బుచ్చిరెడ్డిపాళెం