ఫెల్ట్ టోపీ నలిగితే భయం లేదు, లోపలి తోలు పట్టీని చూసుకోండి

తాతగారి ఫెల్ట్ టోపీ ఏళ్ళ తరబడి పెట్టె అడుగున ఉండి అణగిపోయిందనీ, అంచు వంకర తిరిగిందనీ, పెట్టుకుంటే బిగుతుగా ఉందనీ, దాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చా లేక కొత్తది కొనుక్కోవడం మేలా అనీ మీరు అడిగారు. సరిచేసుకోవచ్చు. నేను టోపీలు చేసేవాణ్ణి కాను. ఒక టోపీని చేతులారా పాడుచేసి, మరొకదాన్ని బతికించుకున్న అనుభవం మాత్రమే నాది. ఆ రెండింటి మధ్య నాకు ఏర్పడిన గట్టి అభిప్రాయం ఏమిటంటే, అందరూ పైకి కనిపించే ఫెల్ట్, అంటే నేయకుండా ఉన్నినో బొచ్చునో చిక్కుపరచి చేసిన గుడ్డ గురించి బెంగపడతారు గానీ, టోపీ ఆయుష్షు నుదుటికి ఆనుకునే తోలు పట్టీలో ఉంటుంది. ఫెల్ట్ ఎన్ని తప్పులైనా మన్నిస్తుంది, తోలు ఒక్కదాన్ని కూడా మన్నించదు.

పాడుచేసిన టోపీ సంగతి ముందు చెబుతాను. అది ఉన్ని ఫెల్ట్‌తో చేసిన నల్ల టోపీ. వానలో తడిసి ఇంటికి వచ్చాక, త్వరగా ఆరాలనే తొందరలో జుట్టు ఆరబెట్టుకునే యంత్రాన్ని లోపలికి పెట్టి, వేడి పూర్తిగా పెంచి, మధ్యమధ్య తువ్వాలుతో రుద్దుతూ పావుగంట కూర్చున్నాను. ఉన్ని పోగు మీద చేప పొలుసుల వంటి పొరలు ఉంటాయనీ, తేమ, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడు ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని పోగులు దగ్గరికి జరుగుతాయనీ, ఫెల్ట్ తయారయ్యేదే ఆ విధంగాననీ అప్పటికి నాకు తెలియదు. అంటే కర్మాగారంలో ఆపివేసిన పనిని నేను మా ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టానన్న మాట. ఫెల్ట్ కుదించుకుపోయింది, అంతకు మించి తోలు పట్టీ ముడుచుకుని అట్టలా బిగుసుకుపోయింది. తడిసిన తోలు పొడి తోలుకంటే చాలా తక్కువ వేడికే ముడుచుకుపోతుంది, పైగా ఒకసారి ముడుచుకున్నది మళ్ళీ సాగి మునుపటి కొలతకు రాదు. ఆరిన తరువాత ఆ టోపీ నా తల మీద కూజా మీది మూతలా నిలబడింది.

ఆ టోపీని నాకు అమ్మినవారు అది కుందేలు బొచ్చు ఫెల్ట్ అని చెప్పారు. టోపీ అమ్ముతూ టోపీ వేయడమంటే అదే. మంచి ఫెల్ట్ టోపీలను కుందేలు, చెవులపిల్లి, బీవర్ వంటి జంతువుల బొచ్చుతో చేస్తారు. అందులోనూ పైకి కనిపించే ముతక వెంట్రుకలను తీసివేసి, వాటి కింద ఉండే మెత్తని నూగును మాత్రమే వాడతారు. ఆ ఫెల్ట్ పలుచగా ఉన్నా గట్టిగా ఉంటుంది, చేతికి నునుపుగా తగులుతుంది, వానకు తట్టుకుంటుంది, ఆవిరికి తేలికగా లొంగుతుంది. ఉన్ని ఫెల్ట్ దానికంటే మందంగా, కొంచెం గరుకుగా ఉంటుంది. తడిస్తే ముడుచుకునే గుణం, అంచు వేలాడిపోయే గుణం దానికి ఎక్కువ. ఉన్ని టోపీ చెడ్డదని నేను అనను, కానీ ఒకదాన్ని మరొకటిగా చెప్పి అమ్మడం మోసం. కొన్ని టోపీల లోపలి పట్టీ మీద ముద్రించే ఎక్స్ గుర్తుల లెక్కను కూడా నమ్మకండి. ఎక్కువ గుర్తులుంటే బీవర్ బొచ్చు ఎక్కువని చెబుతారు గానీ, తయారీదారులందరూ కలిసి ఒప్పుకున్న కొలత ఏదీ దాని వెనుక లేదు. ఒక తయారీదారు ఐదు గుర్తులు, మరొకరి ఐదు గుర్తులు ఒకటి కావు.

కుందేలు బొచ్చుకు ఉన్నికి ఉన్నంత చిక్కుకునే గుణం సహజంగా ఉండదు. అందుకని పూర్వం ఆ బొచ్చుకు పాదరసపు నైట్రేట్ ద్రావణం పట్టించేవారు. దానితో బొచ్చు కొనలు క్యారెట్ రంగుకు తిరిగేవి కాబట్టి ఆ పనికి క్యారెట్ పేరే స్థిరపడింది. ఆ ఆవిరులు పీల్చిన పనివారికి చేతులు వణికేవి, మాట తడబడేది, మనసు చెదిరేది. టోపీల తయారీకి పేరుపడిన అమెరికాలోని డాన్‌బరీ పట్టణంలో ఆ జబ్బును ఊరి పేరుతోనే డాన్‌బరీ వణుకు అనేవారు. ఆ దేశంలో టోపీల పనిలో పాదరసం వాడకం 1941లో గానీ ఆగలేదు. పాతకాలపు టోపీలన్నిటినీ తలకెత్తుకుని, ఇప్పటివన్నీ నాసిరకమని తీసిపారేసేవారు ఈ సంగతిని కూడా కాస్త గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. మీ తాతగారి టోపీ అంతకు ముందుదేమోనన్న అనుమానం ఉంటే మాత్రం, దాన్ని గీకవద్దు, ఇసుక కాగితంతో రుద్దవద్దు, మూసిన గదిలో ఆవిరి పట్టవద్దు.

నేను బతికించుకున్నది మా మేనమామ టోపీ. బూడిద రంగు, కుందేలు బొచ్చు, చుట్టూ నల్ల రిబ్బను. దాని మీద ఎవరో దుప్పట్ల మూట పెట్టడం వల్ల పై భాగం పూర్తిగా కూలిపోయి, టోపీ మొత్తం మడతపెట్టిన గొడుగులా కనిపించింది. మొదట మెత్తని కుచ్చు బ్రష్‌తో ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో, నూగు వాలిన వాలులోనే తుడిచాను. ఈ పని చేయకుండా ఆవిరి పడితే, మడతల్లో పేరుకున్న దుమ్ము తడిసి ఫెల్ట్‌లోకి ఇంకి మరకగా మిగిలిపోతుంది. ముదురు రంగు టోపీకి వాడిన బ్రష్‌ను లేత రంగు దానికి వాడకూడదని కూడా అప్పుడే తెలుసుకున్నాను.

తరువాత తోలు పట్టీని పూర్తిగా బయటికి తిప్పాను. నల్ల టోపీ నేర్పిన పాఠం అది: ఆవిరి ఫెల్ట్‌కు తగలాలి గానీ తోలుకు తగలకూడదు. కెటిల్‌లో నీళ్ళు మరగనిచ్చి, దాని మూతికి సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో టోపీని పట్టుకుని, ఒక్క చోటే నిలపకుండా నెమ్మదిగా తిప్పుతూ వచ్చాను. అర నిమిషం గడిచేసరికి, అంతవరకు అట్టలా ఉన్న ఫెల్ట్ చెవి తమ్మెలా మెత్తబడింది. పిడికిలిని లోపలికి పెట్టి వేళ్ళ వెనుక భాగంతో మెల్లగా నెట్టితే, కూలిన భాగం చిన్న చప్పుడు కూడా లేకుండా పైకి లేచింది. ఫెల్ట్‌కు బిగువు కోసం షెల్లాక్ పట్టిస్తారు. అది లక్క పురుగు నుంచి వచ్చేదే. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. అందుకే టోపీ వెచ్చగా ఉన్నప్పుడు వంచాలి, చల్లారే వరకు అదే ఆకారంలో పట్టుకుని ఉండాలి. చాలామంది ఈ రెండో పని చేయరు. చేయి తీసి అద్దం ముందుకు పరుగెడతారు, ఆకారం నిలబడలేదని ఆవిరిని తిడతారు.

పైన మధ్య లోతు, ముందు రెండు పక్కల నొక్కులు వేయడానికి నాకు మూడు ప్రయత్నాలు పట్టాయి. మొదటిసారి ఎడమ నొక్కు కుడి నొక్కుకంటే ఒక వేలెడు కిందికి దిగింది. మళ్ళీ ఆవిరి పట్టి, లోపలి నుంచి నెట్టి, రెండూ చెరిపివేసి మొదటి నుంచి చేశాను. రెండోసారి తొందరపడి వేళ్ళు కెటిల్ మూతికి దగ్గరగా పెట్టి బొబ్బలు తెచ్చుకున్నాను. మూడోసారి, ముందుగా మధ్య లోతును అరచేతి అంచుతో నొక్కి చల్లారనిచ్చి, ఆ తరువాత పక్క నొక్కులను రెండు చేతులతో ఒకేసారి వేశాను. అప్పుడు కుదిరింది. అంచుకు ఇంత శ్రమ అవసరం లేదు. ఆవిరి పట్టి బల్ల మీద పరిచి, ముందు భాగాన్ని వేళ్ళతో కొద్దిగా దించితే చాలు.

ఆ నొక్కుల గురించి ఒక ఫిర్యాదు చెప్పుకోకుండా ఉండలేను. టోపీ చూసిన ప్రతివారూ ఆ నొక్కులను పట్టుకుని దాన్ని ఎత్తుతారు. అవి పిడి కావు. అక్కడ ఫెల్ట్ అప్పటికే మడతపడి ఉంటుంది కాబట్టి, రోజూ అదే చోట వేళ్ళు పడితే చేతి జిడ్డు పట్టి, పలుచబడి, చివరికి చీలిక వస్తుంది. ఆ చీలికకు ఏ ఆవిరీ మందు కాదు. రెండు చేతులతో అంచును ముందూ వెనుకా పట్టుకుని ఎత్తాలి. దించినప్పుడు తలకిందులుగా పెట్టాలి, లేకపోతే అంచు టోపీ బరువుకు చదునైపోతుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలవద్దు, తోలు పట్టీకి అంతకంటే శత్రువు లేదు. వానలో తడిస్తే నీళ్ళు దులిపి, పట్టీని బయటికి తిప్పి, ఆ పట్టీ మీదనే టోపీని నిలబెట్టి, గాలికి దాని తీరున దాన్ని ఆరనివ్వాలి. జిడ్డు మరక పడితే టాల్కం పొడి చల్లి ఒక రాత్రి ఉంచి బ్రష్‌తో దులిపితే చాలావరకు పోతుంది. దాచేముందు చెమట, దుమ్ము లేకుండా శుభ్రం చేయాలి, ఎందుకంటే ఉన్నినీ బొచ్చునూ తినే చిమ్మటల పిల్లపురుగులు మురికి పట్టిన చోటనే ముందు మొదలుపెడతాయి.

ఇక మీరు చెప్పిన బిగుతు సంగతి. మేనమామ టోపీ కూడా నాకు బిగుతుగానే ఉండేది. నా తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు, టోపీ లోపల ముద్రించిన కొలత కూడా అదే. ముడుచుకుపోయిందనుకుని, సాగదీసే పరికరం కోసం వెతుకుతూ ఉన్నాను. ఆవిరి పట్టడానికి పట్టీని బయటికి తిప్పినప్పుడు అసలు సంగతి బయటపడింది. పట్టీ వెనుక, పసుపుపచ్చగా మారిన వార్తాపత్రిక ముక్కలు మూడు మడతలు పెట్టి చుట్టూ దూర్చి ఉన్నాయి. ఆయన తల చిన్నది, టోపీ పెద్దది, కాగితంతో సర్దుకున్నారు. ఆ పరికరంతో గుడ్డిగా లాగి ఉంటే పట్టీ కుట్లు తెగిపోయి ఉండేవి. కాబట్టి మీరు కూడా ముందు పట్టీ తిప్పి చూడండి. వెనుక ఏమీ లేకుండా, తోలు ఎండుటాకులా పగిలి ఉంటే, ఆ పట్టీని విప్పివేసి, పాత కుట్ల రంధ్రాల గుండానే కొత్త పట్టీని చేత్తో కుట్టించుకోండి. కొత్త రంధ్రాలు పడితే ఫెల్ట్ అక్కడ బలహీనపడుతుంది. తోలు మెత్తగానే ఉండి, బిగుతు ఒక అర సెంటీమీటరే అయితే, పట్టీ లోపలి వైపు కొద్దిగా తడి చేసి, ఆరే వరకు టోపీని తల మీదే ఉంచుకుంటే సరిపోతుంది.

కొత్తది కొనవద్దని నేను అనను, కానీ ఫెల్ట్ చీలకుండా, పురుగు తినకుండా ఉన్నంత కాలం పాతదాన్ని వదలవద్దు. నా విషయంలో మాత్రం కాగితాలన్నీ తీసి, ఆవిరి పట్టి, ఆకారం కుదిర్చాక చూసుకుంటే, ఆవిరికి ఫెల్ట్ కాస్త వదులై టోపీ చెవుల దాకా దిగింది. తీసిన మూడు మడతల్లో ఒకదాన్ని మళ్ళీ పట్టీ వెనుకకు దూర్చాను.