గురి: పాఠకుల ప్రశ్నలు, కోచ్ జవాబులు

ప్రశ్న: క్రీడల కోసం లైసెన్స్ తీసుకున్న .22 రైఫిల్ నా దగ్గర ఉంది. ఆదివారాలు షూటింగ్ రేంజికి వెళ్తుంటాను. జీతంలో చెప్పుకోదగ్గ భాగం తూటాలకే పోతోంది. మా బావగారు టెక్సస్‌లో ఉంటారు. ఆయన గ్యారేజీలో చిన్న ప్రెస్సు పెట్టుకుని, కాల్చేసిన ఖాళీ తూటాలనే మళ్ళీ నింపుకుని వాడుకుంటారు. ఖర్చు బాగా తగ్గుతుందంటారు. సంక్రాంతికి వస్తూ నాకూ ఒక ప్రెస్సు, దానికి బిగించే అచ్చులు (డైలు) సూట్‌కేసులో పెట్టుకొస్తానంటున్నారు. రేంజిలో ఖాళీ కేసులు, అంటే కాల్చాక మిగిలే తూటా తొడుగులు, ఎలాగూ కింద పడి ఉంటాయి కదా. ఇంట్లో నింపుకోవడం ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.
– పేరు వద్దన్న పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ బావగారికి ఫోన్ చేసి ఆ ప్రెస్సు తేవద్దని చెప్పండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

ఆయన ఊళ్ళో అది దుకాణానికి వెళ్ళి కొనుక్కునే వస్తువు. మన దగ్గర అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టంలో ‘మందుగుండు’ అంటే ఏమిటో చెప్పే 2వ సెక్షన్ ఒకసారి చదవండి. నిండు తూటా ఒక్కటే కాదు, దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఆ మాట కిందికే వస్తాయి. అంటే గన్నవరంలోనో శంషాబాదులోనో దిగిన సూట్‌కేసులో ఆ ప్రెస్సు కనబడితే, లైసెన్స్ లేకుండా మందుగుండు దిగుమతి చేశారని అడిగే అవకాశం ఉంది. దిగుమతి సంగతి 10వ సెక్షన్‌లో ఉంటుంది. పండక్కి వచ్చిన మనిషికి ఆ తిప్పలు ఎందుకు?

మీ దగ్గర లైసెన్స్ ఉంది కదా అంటారేమో. అది 3వ సెక్షన్ కింద ఇచ్చేది. రైఫిల్ ఉంచుకోవడానికి, లైసెన్స్ పుస్తకంలో రాసినన్ని తూటాలు కొనుక్కోవడానికి పనికొస్తుంది. తయారీకి 5వ సెక్షన్ కింద వేరే లైసెన్స్ కావాలి. అది లేకుండా తయారుచేస్తే పడే శిక్షను 2019లో సవరించారు. ఇప్పుడు తక్కువలో తక్కువ 7 ఏళ్ళు, ఎక్కువలో యావజ్జీవం. తుపాకి మందు కొనడం, నిలవ ఉంచడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం చూసుకుంటుంది, అది మరో చిక్కు. ఈ విషయాల్లో ఇంకేమైనా సందేహం ఉంటే లైసెన్స్ ఇచ్చిన చోటే అడగండి. గుంటూరు మీది కాబట్టి కలెక్టరేటుకు వెళ్ళాలి. మా బెజవాడలో అయితే పోలీస్ కమిషనర్ కార్యాలయం.

చట్టం సంగతి పక్కనపెట్టినా మీ తూటాకి ఆ ప్రెస్సుతో పనే లేదు. ఈసారి రేంజికి వెళ్ళినప్పుడు కాల్చేసిన .22 కేసు ఒకటి తీసుకుని అడుగు వైపు తిప్పి చూడండి. అంచు మీద ఒక చోట చిన్న నొక్కు కనిపిస్తుంది. పిన్ను కొట్టింది అక్కడ. తగలగానే అంటుకునే మసాలాను ఫ్యాక్టరీలో ఆ అంచు మడతలోపలే చుట్టూ నింపేస్తారు. మందును అంటించే ప్రైమర్ అంటూ విడిగా ఉండదు. ఒకసారి నొక్కుకుపోయిన అంచు మళ్ళీ పనికిరాదు. పక్కన ఎవరైనా .30-06 కాలుస్తుంటే ఆ కేసు అడిగి దాని అడుగు కూడా చూడండి. నడిమధ్యలో చిన్న గిన్నెలాంటి ప్రైమర్ వేరుగా బిగించి ఉంటుంది. దాన్ని ఊడబీకి కొత్తది పెట్టొచ్చు. మీ బావగారు నింపేవి ఆ రకం, మీరు కాల్చేవి ఈ రకం. ఆయన లెక్క మీకు వర్తించదు.

ఖాళీ కేసులు కింద పడి ఉంటాయన్నారు. మా రేంజిలో పిల్లలు కాల్చిన ప్రతి కేసునూ ఏరించి, లెక్కపెట్టి, రిజిస్టరులో రాసిగాని ఇంటికి పంపను. మీ రేంజిలో అలా చేయకపోతే అడిగి చేయించండి. ఒక్క కేసు కూడా జేబులో వేసుకోవద్దు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఫోన్లలో ఈ వీడియోలు చూసి మోజుపడే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. ఏళ్ళ తరబడి నింపిన చేతులు కూడా తప్పుతాయి. ఒక కేసులో మందు పడలేదనుకోండి. ప్రైమర్ ఒక్కటే గుండును బారెల్లోకి తోసి మధ్యలో వదిలేస్తుంది. చప్పుడు మామూలుగా రాదు, ‘టప్’మని ఊరుకుంటుంది. అది పట్టించుకోకుండా తర్వాతి తూటా కాలిస్తే బారెల్ ఉబ్బిపోతుంది, లేదా పగులుతుంది. అదే మందు రెండుసార్లు పడితే దెబ్బ బారెల్ వెనక మూసే బోల్టు దగ్గరే, అంటే మీ చెంప పక్కనే. కొన్న తూటా అయినా సరే, చప్పుడు తేడాగా వస్తే వెంటనే ఆపండి. మూతి గురి వైపే ఉంచి కాసేపు ఆగండి, బోల్టు తీసి బారెల్ అవతలి వెలుగు కనబడిందో లేదో రేంజి అధికారి చేత చూపించండి.

ఇక మీ అసలు బాధ ఖర్చు. అది నాకు బాగా తెలుసు, మధ్యతరగతి పిల్లలు ఈ ఆట మానేసేది అక్కడే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెబుతాను.

50 మీటర్ల రైఫిల్ టార్గెట్లో పది పాయింట్లు ఇచ్చే నడిమి వలయం వెడల్పు 10.4 మి.మీ. దాన్ని తప్పిస్తున్నది తూటానా, మీరా అన్నది ముందు తేల్చుకోవాలి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది తూటా మారిస్తే స్కోరు పెరుగుతుందనుకుంటారు. రైఫిల్‌ను బెంచీకి బిగించి కాల్చి చూపిస్తే మామూలు తూటాలే దగ్గర దగ్గరగా పడతాయి. చెదిరిపోయేది భుజానికెత్తాక. ఆ చెదురును ఇంట్లో, పైసా ఖర్చులేకుండా సరిచేసుకోవచ్చు.

గోడ మీద 5 మీటర్ల దూరంలో ఒక నల్లచుక్క అతికించండి. అసలు టార్గెట్ నల్లభాగం 112.4 మి.మీ. కాబట్టి పదో వంతు దూరానికి 11 మి.మీ. పైచిలుకు చుక్క సరిపోతుంది. తూటాల పెట్టె వేరే గదిలో తాళం వేసి ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలుతో తడిమి, ప్లాస్టిక్ డమ్మీ (ఉత్తుత్తి తూటా) పెట్టండి. డమ్మీ లేకుండా నొక్కితే పాత .22లలో పిన్ను చాంబర్ అంచుకు తగిలి గంటు పడుతుంది. ఇప్పుడు గురి పెట్టి, సగం ఊపిరి వదిలి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. ‘టిక్’ అన్న క్షణంలో బారెల్ చివర గురి చూసుకునే ముందు సైటు చుక్కకు ఏ పక్కన ఉందో చూసి పైకే చెప్పండి: కుడి, కింద, మధ్య. ఆ మాటను నోటు పుస్తకంలో రాయండి. తర్వాత బారెల్ చివర రూపాయి బిళ్ళ నిలబెట్టకుండా పడుకోబెట్టి, అది కింద పడకుండా నొక్కడం సాధన చేయండి. రోజూ అరగంట ఇలా చేసినవాడు రేంజిలో సగం తూటాలతోనే ఎక్కువ నేర్చుకుంటాడు. ఇది నేను నమ్మి చెబుతున్న మాట, పిల్లల చేత చేయించి చూసిన మాట.

రెండోది, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఒక్క .22 తూటా ధరకు దాని గుళ్ళు, అంటే పెల్లెట్లు, ఎన్నో వస్తాయి. నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ అన్నీ అక్కడ నేర్చుకున్నవే 50 మీటర్లకూ పనికొస్తాయి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం, రెండూ ఎయిర్ రైఫిల్లోనే. అదేదో చిన్నపిల్లల ఆట అనుకోకండి.

మూడోది, తూటాలు కొనే పద్ధతి. పెట్టె మీద లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే నంబరు, ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు ఉన్నా లాటు మారితే మీ బారెల్‌కు పడేది మారుతుంది. క్లబ్బులో నలుగురు కలిసి రెండు మూడు లాట్లు తలా కొంచెం తెప్పించుకుని, బిగించి కాల్చి, ఏది దగ్గరగా పడిందో ఆ లాటునే లైసెన్స్ పరిమితి మేరకు కొనుక్కోండి. పోటీకి మంచివి, సాధనకు మామూలువి వాడండి. ఇంకొకటి, రోహిణి కార్తె ఎండలో తూటాల పెట్టెను కారు డిక్కీలో వదిలేయకండి. మందు వేడెక్కితే గుండు వేగం మారి దెబ్బ పైకో కిందికో పోతుంది, అప్పుడు మీరు సైటును తప్పుపడతారు.

బావగారిని సంక్రాంతికి రమ్మనండి. ఏదైనా తేవాలని ఆయనకు ఉంటే షూటింగ్ చేతి తొడుగు, చెవులకు మంచి మఫ్ తెమ్మనండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. అపార్ట్‌మెంటు డాబా మీద సాధన చేసుకోవచ్చా? లైసెన్స్ కావాలా?
– ఒక తల్లి, కానూరు, విజయవాడ

జవాబు: .177 బోరు (బారెల్ రంధ్రం వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. డాబా మీద మాత్రం వద్దమ్మా. పక్క డాబాలో బట్టలు ఆరేసేవాళ్ళు ఉంటారు, పెల్లెట్ పిట్టగోడకు తగిలి ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. ఇంట్లో పెల్లెట్ లేని సాధన చాలు, కాల్చడం రేంజిలోనే. పెల్లెట్లు సీసంతో చేసినవి. కొందరు పిల్లలు రైఫిల్ నింపుకుంటూ పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుంటారు, ఆ అలవాటు ఉంటే ఈరోజే మాన్పించండి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ డబ్బా ముట్టుకోనివ్వకండి.

ప్రశ్న: తాతయ్య ట్రంకు పెట్టెలో పచ్చగా చిలుం పట్టిన తూటాలు దొరికాయి. ఆయన తుపాకి ఎప్పుడో సరెండర్ చేశారు. వీటిని విప్పి మందు పారబోయొచ్చా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: విప్పొద్దు, సుత్తితో కొట్టొద్దు, పొయ్యిలోనో కాలవలోనో వేయొద్దు. పెట్టె మూసి పిల్లలకు అందకుండా ఉంచి, ఈరోజే స్టేషన్‌కు ఫోన్ చేసి వాళ్ళు చెప్పినట్టు చేయండి. లైసెన్స్ లేనివారి దగ్గర మిగిలిపోయిన తూటాలను దగ్గర్లోని పోలీస్ స్టేషన్లోగాని, లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరగాని జమ చేయాలని చట్టంలో 21వ సెక్షన్ ఉంది. తాతయ్య పాత లైసెన్స్ పుస్తకం దొరికితే వెంట తీసుకెళ్ళండి, రసీదు మాత్రం అడిగి తీసుకోండి.