అరచేతిలోని తాళంచెవి

చిరంజీవికి ఆశీస్సులు.

పాత హాలీవుడ్ సినిమాల మీద నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీల వ్యాసం అందింది. మొదటిసారి ఆపకుండా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఆ సినిమాలంటే నీకు ప్రాణమన్న సంగతి ప్రతి పేజీలోనూ తెలుస్తూనే ఉంది. అయినా నేను కింద గీత గీసి, పక్కన ‘భేష్’ అని రాసుకున్నది మొత్తం మీద ఒక్క వాక్యానికే. ఆ వాక్యం సంగతి చివర చెబుతాను. మిగిలిన పేజీలు దాని సాటికి ఎందుకు రాలేదో ముందు చెప్పుకోవాలి. నీకు చూడడం వచ్చు, రాయడం కూడా వచ్చు. చూసినదాన్ని చూసినట్టుగా కాగితం మీదికి దించడమే ఇంకా అలవాటు కావలసి ఉంది.

మూడో పేజీలో ‘నటోరియస్’ గురించి రాస్తూ, అది దర్శకుడు హిచ్‌కాక్ ప్రతిభకు పరాకాష్ఠ అనీ, మరపురాని దృశ్యకావ్యమనీ అన్నావు. అదే మాటను అక్కడి నుంచి తీసి ‘వెర్టిగో’ పక్కన పెట్టినా, ‘సైకో’ పక్కన పెట్టినా చక్కగా అతుకుతుంది. ఆ సినిమా చూడనివాడు కూడా ఆ మాట రాయగలడు. నువ్వు చూసినవాడివి కదా, మరి నీకు కనిపించినది ఏది? 1946లో వచ్చిన ఆ సినిమాలో విందు ఘట్టాన్ని ఒక్కసారి గుర్తు తెచ్చుకో. కెమెరా మేడ మీద, ఎత్తున నిలబడి ఉంటుంది. కింద విశాలమైన హాలు, వచ్చిపోయే అతిథులు, పలకరింపులు. అక్కడి నుంచి కెమెరా మధ్యలో ఎక్కడా తెగకుండా మెల్లగా కిందికి దిగుతూ, జనం తలల మీదుగా సాగి, భర్త పక్కన నిలబడి అతిథులను ఆహ్వానిస్తున్న ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ను చేరి, చివరికి ఆమె చేతి దగ్గర ఆగుతుంది. ఆ చేతిలో ఒక తాళంచెవి ఉంటుంది. అది సారా సీసాలు దాచిన నేలమాళిగది. గూఢచారిగా ఆ ఇంట్లో చేరిన ఆమె భర్తకు తెలియకుండా అతడి గుత్తి నుంచి తీసినది. అంత పెద్ద ఇంట్లో, అంతమంది మనుషుల మధ్య, రాబోయే ప్రమాదం మొత్తం ఒక అరచేతిలో ఇమిడి ఉందని ఆ ఒక్క కదలికే మనకు చెబుతుంది. పాత్రలు నోరు విప్పి చెప్పవలసిన పని లేకుండా పోతుంది. ఇది రాస్తే చాలు; హిచ్‌కాక్ గొప్పవాడో కాదో పాఠకుడు తనంతట తాను తేల్చుకుంటాడు.

అంతకుముందు పడకగదిలో జరిగేది కూడా చెప్పకుండా ఉండలేను. భర్త ప్రేమగా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంటాడు. తాళంచెవి ఒక పిడికిలిలో ఉంది. అతడు ఒక చేతిని విప్పి ముద్దు పెట్టుకుని రెండో చేతిని విప్పబోతాడు; ఆమె చటుక్కున అతడి మెడ చుట్టూ చేతులు వేసి, అతడి వెనుక తాళంచెవిని నేల మీదికి జారవిడిచి, కాలితో పక్కకు తోసేస్తుంది. ఆ కౌగిలి అతడికి ప్రేమగా తోస్తుంది, మనకు మాత్రం గుండె ఆగినంత పనవుతుంది. భర్తగా నటించిన క్లాడ్ రెయిన్స్ ముఖంలోని ఆ అమాయకపు సంతోషం చూసిన ప్రతిసారీ, అతడు నాజీల పక్షం మనిషని తెలిసి కూడా, నాకు అతడి మీద జాలి కలుగుతుంది. ఆ జాలి నాకెందుకు కలిగిందో వెతుక్కుంటూ వెళ్లడమే సినిమా గురించి రాయడమని నేను అనుకుంటాను.

ఇదే సినిమాలోని దీర్ఘమైన ముద్దు సన్నివేశం గురించి రాస్తూ ‘ఆ రోజులకు ఎంత సాహసం’ అని ఊరుకున్నావు. సాహసం ఎలా సాధ్యపడిందో చెప్పి ఉండవలసింది. హాలీవుడ్ స్టూడియోలు తెర మీద ఏది చూపకూడదో చెప్పే ఒక ప్రొడక్షన్ కోడ్‌ను 1930లో పెట్టుకుని, 1934 నుంచి దానిని గట్టిగా అమలు చేశాయి. 1968లో రేటింగుల పద్ధతి వచ్చేదాకా అది ఏదో ఒక రూపంలో కొనసాగింది. తెర మీద ముద్దు మూడు సెకన్లకు మించి సాగకూడదన్న పట్టుదల ఉన్న ఆ కాలంలో, హిచ్‌కాక్ పెదవులను కలుపుతూ విడదీస్తూ, మధ్యలో భోజనం గురించి మాట్లాడిస్తూ, ఫోను దగ్గరికి నడిపిస్తూ, బెర్గ్‌మన్, నాయకుడు కేరీ గ్రాంట్‌ల సాన్నిహిత్యాన్ని నిమిషాల తరబడి సాగదీశాడు. అడ్డంకే ఆ సన్నివేశానికి రూపం ఇచ్చింది. మన పాత సినిమాల్లో రెండు పువ్వులు తాకడం చూసి పెరిగిన పాఠకుడికి ఇది ఇట్టే అర్థమవుతుంది. అర్థమయ్యేట్టు చెప్పే బాధ్యత నీది.

ఇక ‘కాసాబ్లాంకా’. ఆ భాగాన్ని నువ్వు ‘ప్లే ఇట్ అగైన్, శామ్’ అన్న మాటతో మొదలుపెట్టావు. ఆ మాట ఆ సినిమాలో లేదు. నాయిక ఇల్సా పియానో వాయించే శామ్‌తో ‘ప్లే ఇట్, శామ్’ అంటుంది. తరువాత నాయకుడు రిక్ తాగిన బాధలో, ఆమె కోసం వాయించావు కనుక నా కోసం కూడా వాయించమని గద్దిస్తాడు. ‘అగైన్’ అని ఇద్దరిలో ఎవరూ అనరు. నేను నిన్ను మందలించడానికి ఇది చెప్పడం లేదు. నా ఇరవై మూడో ఏట ఒక పత్రికలో అచ్చయిన నా తొలి సినిమా వ్యాసంలో సరిగ్గా ఇదే మాటను ఉటంకించాను. అప్పటికి నేను ఆ సినిమా చూడనేలేదు. ఎక్కడో చదివినదాన్ని చూసినట్టుగా రాశాను. వారం తిరగకుండా ఒక పాఠకుడి దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది. అందులో ‘మీరు ఈ సినిమా చూశారా?’ అన్న ప్రశ్న తప్ప మరో మాట లేదు. దానికి జవాబు రాయలేకపోయిన బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే అడుగుతున్నాను: నువ్వు రాసిన ప్రతి సంభాషణనూ, ప్రతి దృశ్యాన్నీ అచ్చుకు పంపే ముందు మళ్లీ తెర మీద సరిచూసుకో. జ్ఞాపకం మనకు నచ్చినట్టు సవరించి చూపిస్తుంది.

నీ వ్యాసంలో తెర వెనుక ముచ్చట్లు విస్తారంగా ఉన్నాయి. వాటిని పూర్తిగా వదిలేయమని అనను. అయితే ఒక ముచ్చటను ఉంచాలా తీసేయాలా అని తేల్చుకోవడానికి నాకొక పద్ధతి ఉంది: అది పాఠకుడిని తిరిగి తెర దగ్గరికి తీసుకువెళితే ఉంచుతాను, తెరకు దూరంగా లాక్కుపోతే తీసేస్తాను. ఏ నటికి ఏ నటుడితో పొసగలేదో, ఎవరికి ఎంత పారితోషికం ముట్టిందో నువ్వు రాసిన రెండు పేజీలు అటువంటివే. వాటి మీద అడ్డంగా గీత గీశాను. మరి ‘కాసాబ్లాంకా’లో జర్మన్ అధికారుల పాట మీద జనమంతా లేచి ఫ్రాన్స్ జాతీయగీతం ‘మార్సెయేజ్’ పాడే ఘట్టం చూడు. ఆ హోటల్లో కనిపించే నటుల్లో చాలామంది నిజంగానే యూరప్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన శరణార్థులు. కన్నీళ్లతో పాడే ఇవాన్ పాత్ర వేసిన మాడ్లెన్ లెబో, జర్మన్ సేనలు ఫ్రాన్స్‌లోకి చొచ్చుకొచ్చినప్పుడు భర్త మార్సెల్ డాలియోతో కలిసి దేశం విడిచి పారిపోయింది. ఆ భర్తే అదే సినిమాలో జూదశాల ఉద్యోగిగా కనిపిస్తాడు. నాజీ మేజరుగా నటించిన కాన్రాడ్ వైట్ స్వయంగా నాజీ జర్మనీని వదిలి వచ్చినవాడు. ఇది తెలిశాక ఆ క్లోజప్‌లోని కన్నీటిని మునుపటిలా చూడలేం. అటువంటి ముచ్చట ఒకటి చాలు.

‘సిటీ లైట్స్’ మీద నువ్వు రాసినది చాప్లిన్ జీవిత చరిత్రలాగా ఉంది. సినిమాల్లో మాటలు వచ్చిన కొద్ది సంవత్సరాలకే, 1931లో, ఆయన పట్టుబట్టి విడుదల చేసిన మూగ సినిమా అది. అందులో ఒక చిక్కుముడి ఉంది: చూపులేని పూలమ్మాయి ఒక దేశదిమ్మరిని ధనవంతుడని పొరబడాలి. ఎలా పొరబడుతుంది? దానికి దారి దొరకక చాప్లిన్ చాలాకాలం సతమతమయ్యాడు. చివరికి దొరికింది కారు తలుపు. వాహనాలు కిక్కిరిసిన రోడ్డు దాటడానికి ఆ దిమ్మరి ఆగి ఉన్న ఒక పెద్ద కారులో ఒక వైపు ఎక్కి, రెండో వైపు పేవ్‌మెంటు మీదికి దిగి, తలుపు మూస్తాడు. ఆ అమ్మాయి తల తిప్పి పువ్వు చాపుతుంది. ఇక్కడ ఆలోచించు: మాటలు లేని సినిమాలో కథ మొత్తం ఒక శబ్దం మీద నిలబడింది! తలుపు చప్పుడు మనకు వినిపించదు, ఆమెకు వినిపించిందని ఆమె ముఖం చూసి మనం తెలుసుకుంటాం. మాటలు వచ్చేసిన కాలంలో మూగ సినిమాను ఎందుకు తీశావని అడిగినవారికి ఇంతకన్నా మంచి జవాబు ఉంటుందని నేను అనుకోను.

‘గాన్ విత్ ద విండ్’ దగ్గర నువ్వు తటపటాయించావు. ‘ఆ కాలం అటువంటిది’ అని ఒక వాక్యం రాసి దాటిపోయావు. అలా దాటకు. ఆ సినిమా బానిసలను తమ బతుకుతో తృప్తిగా ఉన్నవారిగా చూపించింది. అది అబద్ధం, దానిని అబద్ధమనే రాయాలి. అదే సినిమాలో బానిస దాసి మామీగా నటించిన హాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి కళాకారిణి. 1939 డిసెంబరులో అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు జార్జియా రాష్ట్రపు వర్ణవివక్ష కారణంగా ఆమె వెళ్లలేకపోయింది. బహుమతి ఇచ్చిన రాత్రి కూడా ఆమెను మిగిలిన నటులతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాయిక కూతురు చిన్నారి బోనీ చనిపోయాక మామీ, మెలనీతో కలిసి మెట్లు ఎక్కుతూ ఆ ఇంట్లో జరిగినదంతా చెప్పే సన్నివేశాన్ని మళ్లీ చూడు. ఒక్కో మెట్టుకు ఆమె గొంతు ఎలా బరువెక్కుతుందో విను. ఆ పాత్రను రాసినవారి చూపు సంకుచితమైనదే, కాని ఆ నటన వారి చూపుకు లోబడలేదు. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో రాయగలిగిన రోజున నీ వ్యాసానికి బలం వస్తుంది.

నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పడానికి కూడా భయపడకు. ‘సిటిజన్ కేన్’ను అందరూ మెచ్చుకున్నారు కనుక నువ్వు కూడా మెచ్చుకున్నావు, ఆ పేజీలో నీ గొంతు వినపడలేదు. నా మటుకు నాకు ఆ సినిమా మీద గౌరవం ఎక్కువ, మమకారం తక్కువ. గౌరవం దేనికంటే, మంచులో ఆడుకునే పిల్లవాడి దృశ్యం వంటివాటికి. ముందు బల్ల దగ్గర తల్లి కొడుకును సంరక్షకుడికి అప్పగించే కాగితాల మీద సంతకం చేస్తూ ఉంటుంది, మధ్యలో తండ్రి గొణుగుతూ ఉంటాడు, వాళ్ల వెనుక కిటికీలో దూరంగా, బొటనవేలంత పరిమాణంలో పిల్లవాడు కేరింతలు కొడుతూ కనిపిస్తాడు. గ్రెగ్ టోలాండ్ ఛాయాగ్రహణంలో దగ్గరివీ దూరానివీ సమానంగా స్పష్టంగా ఉంటాయి కనుక, ఆ పిల్లవాడి బతుకు అతడికి తెలియకుండానే అమ్ముడైపోవడాన్ని మనం ఒకే చూపులో చూస్తాం. మమకారం ఎందుకు తక్కువంటే, పెద్దవాడైన కేన్ దగ్గరికి ఆ సినిమా నన్ను అంతగా రానివ్వదు. నాతో నువ్వు ఏకీభవించనక్కరలేదు, నీ కారణం నువ్వు చూపిస్తే చాలు.

పేర్ల విషయంలో జాగ్రత్త వహించు. ‘రోమన్ హాలిడే’ కథను ఇయాన్ మెక్‌లెలన్ హంటర్ రాశాడని నువ్వు సినిమా టైటిల్సు చూసి రాశావు. అసలు రాసినది డాల్టన్ ట్రంబో. కమ్యూనిస్టన్న ముద్ర వేసి పనికి దూరం పెట్టిన రచయితల్లో ఆయన ఒకడు కనుక స్నేహితుడి పేరు మీద ఆ కథ వెళ్లింది. 1953 నాటి ఆ కథకు దక్కిన ఆస్కార్‌ను ఆయన మరణానంతరం, 1993లో, ఆయన భార్యకు అందించారు.

కథ చెప్పడానికి ఒక్కో సినిమాకు నువ్వు పేజీన్నర తీసుకున్నావు. నాలుగైదు వాక్యాలలో ముగించు. భాష గురించి ఒక మాట. ‘క్లోజప్’ను ‘సమీప చిత్రణ’ అనీ, ‘ఎడిటింగ్’ను ‘కూర్పు ప్రక్రియ’ అనీ మార్చావు. అవి మన పాఠకుల నోళ్లలో నలిగిన మాటలే, వాటిని వాటి పేర్లతోనే పిలువు. తెలుగుదనం చూపవలసిన చోటు వేరే ఉంది: నువ్వు చూసినదాన్ని వర్ణించే క్రియల్లో. ఆమె తాళంచెవిని ‘దాచింది’ అనడానికీ, ‘పిడికిట బిగించింది’ అనడానికీ, ‘జారవిడిచింది’ అనడానికీ ఎంత తేడా ఉందో గమనించు.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం. తొమ్మిదో పేజీ అడుగున, ‘డబుల్ ఇండెమ్నిటీ’ గురించి అంతా చెప్పేశాక, ‘నెఫ్ బొటనవేలి గోటితో అగ్గిపుల్ల గీయడం ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు గాని, చివర గీసినది మాత్రం అతడు కాదు’ అని రాశావు. చదివి పుస్తకం మూసినట్టు కాసేపు ఊరుకున్నాను. 1944 నాటి ఆ సినిమాలో బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే కీస్ నోట్లో ఎప్పుడూ చుట్ట ఉంటుంది, జేబులో అగ్గిపెట్టె ఉండదు. ప్రతిసారీ అదే కంపెనీ ఏజెంటు నెఫ్ వెలిగించి ఇస్తాడు. హత్య చేసి, గుండు దెబ్బ తిని, గుమ్మం దగ్గర కూలబడిన నెఫ్ ఆఖరున సిగరెట్ నోట పెట్టుకుని అగ్గిపుల్ల గీయలేకపోయినప్పుడు, కీస్ దానిని తీసుకుని గీసి వెలిగిస్తాడు. నెఫ్‌కు గ్యాస్ చాంబరులో మరణశిక్ష అమలయ్యే ఘట్టాన్ని చిత్రీకరించి కూడా దర్శకుడు బిల్లీ వైల్డర్ తీసేశాడు. ఆ అగ్గిపుల్ల తరువాత చెప్పవలసినది మిగలలేదని ఆయనకు తెలిసింది. నీకు కూడా తెలిసింది, కాని ఆ వాక్యం తరువాత నువ్వు మరో పేరా అనవసరంగా రాశావు.

ఆ పేరా తీసేసి, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచి, ‘డబుల్ ఇండెమ్నిటీ’ భాగాన్ని మాత్రం ముందుగా తిరగరాసి పంపు. మిగిలిన సినిమాల సంగతి తరువాత చూద్దాం. పెన్సిలు చెక్కి పెట్టుకుంటాను.

ఆశీస్సులతో.